ఇంట గెలిచిన ఆటకే జనం

2025 సంవత్సరం ఆఖరి మూడు నెలల్లో మన మదురై రెండు కొత్త స్టేడియాలను చూసింది. అక్టోబరు 9న చింతామణి దగ్గర వేలమ్మాళ్ క్రికెట్ స్టేడియాన్ని మహేంద్రసింగ్ ధోనీ ప్రారంభించారు. ఆ రోజు అక్కడ దేశాల మధ్య పోటీ లేదు, కప్పు లేదు. అయినా ధోనీ ముఖం ఒక్కసారి చూస్తే చాలునని జనం ఎగబడ్డారు. సరిగ్గా యాభై రోజులకు, నవంబరు 28న, రేస్‌కోర్సు మైదానంలో కొత్తగా కట్టిన హాకీ స్టేడియంలో జూనియర్ పురుషుల ప్రపంచకప్ మొదలైంది. చెన్నై, మదురై కలిసి ఆతిథ్యమిచ్చిన ఆ టోర్నీలో 24 దేశాలు ఆడాయి. జూనియర్ ప్రపంచకప్‌లో అన్ని జట్లు ఆడడం అదే మొదటిసారి. పైగా టికెట్ ఉచితం. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు.

ధోనీ మదురైకి ఎప్పుడొచ్చాడో మన పిల్లలు తడుముకోకుండా చెబుతారు. మరి ఆ ప్రపంచకప్ ఎవరు గెలిచారో ఎంతమంది చెప్పగలరు? డిసెంబరు 10న చెన్నైలో జరిగిన ఫైనల్లో స్పెయిన్‌ను షూటౌట్‌లో ఓడించి జర్మనీ గెలిచింది. అర్జెంటీనాను 4-2తో ఓడించి మన జట్టు కాంస్యం తెచ్చుకుంది. ప్రపంచకప్ మన వీధి చివరికి వచ్చింది, వెళ్లింది. మనలో చాలామందికి ఆ సంగతి పేపర్లో చదివితే గాని తెలియలేదు.

ఇందులో జనాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఒక అంతర్జాతీయ టోర్నీకి గ్యాలరీలు కిటకిటలాడడం, మరో దానికి కుర్చీలు వెలవెలబోవడం ఒక్క మదురైలోనే జరిగే విషయం కాదు. ప్రపంచమంతా ఇదే తంతు. దానికి కారణాలు తెలుసుకుంటే రేస్‌కోర్సులో కట్టిన ఆ స్టేడియాన్ని రేపు ఏం చేయాలో తెలుస్తుంది. కట్టిన డబ్బు మనందరిదీ కాబట్టి ఈ లెక్క మనకూ కావాలి.

'ఎవురికీ ఎవురికీరా?'

మన ఇళ్లలో ఇలాంటి మాట జరగడానికి ఎంతో ఊహ అక్కర్లేదు.

"మామా, హాకీ మ్యాచ్‌కు పోదామా? టికెట్ కూడా లేదంట."

"ఎవురికీ ఎవురికీరా?"

"జర్మనీకీ ఐర్లాండుకీ."

"దాంట్లో మనోళ్లు ఎవురుండారురా?"

మామ అడిగిన ఆ ప్రశ్నలోనే సగం జవాబుంది. ఆటను చూడడానికి వెళ్లేవాడు ముందు వెతికేది ఆట నాణ్యతను కాదు, తనవాణ్ణి. 2023 అక్టోబరు 5న అహ్మదాబాదులో క్రికెట్ ప్రపంచకప్ మొదలైంది. ఇంగ్లండు, న్యూజీలాండు ఆడాయి. అంతకుముందు ప్రపంచకప్ ఫైనల్ ఆడిన జట్లు ఆ రెండే. ఆటలో వంక పెట్టడానికి లేదు. కానీ లక్షా 32 వేల మంది పట్టే ఆ స్టేడియంలో ఎటు చూసినా ఖాళీ కుర్చీలే. తొమ్మిది రోజుల తరువాత అదే చోట భారత్, పాకిస్థాన్ ఆడితే ఊరు పట్టలేదు. స్టేడియం అదే, టోర్నీ అదే, ఆటా అదే. మారింది 'మనోళ్లు' అన్న మాట ఒక్కటే. చివరికి ఆ టోర్నీ మొత్తానికి పన్నెండున్నర లక్షల మంది వచ్చారని, అది రికార్డని అంతర్జాతీయ క్రికెట్ మండలి ప్రకటించింది. మొదటి రోజు ఖాళీ కుర్చీలు చూసినవాళ్లు ఆ మాట నమ్మి ఉండరు.

మదురైలో కూడా మన జట్టు డిసెంబరు 2 రాత్రి స్విట్జర్లాండును 5-0తో ఓడించింది. ఆ రాత్రి లెక్క వేరు. పనిరోజు పగటిపూట రెండు పరాయి దేశాలు ఆడే మ్యాచ్ లెక్క వేరు. మిల్లులో షిఫ్టు, బడిలో పరీక్ష, అంగట్లో బేరం వదులుకుని ముక్కూ మొహం తెలియని జట్ల కోసం ఎవరు వస్తారు?

టికెట్ ధర ఒక్కటే కాదు

రెండో కారణం డబ్బు. 2025 వేసవిలో అమెరికాలో ఫుట్‌బాల్ క్లబ్బుల ప్రపంచకప్ జరిగింది. చెల్సీ, ఫ్లుమినెన్సే మధ్య సెమీఫైనల్‌కు మామూలు టికెట్ దాదాపు 474 డాలర్లు పెట్టారు. కొనేవాళ్లు లేక ఆట దగ్గరపడేసరికి అదే టికెట్‌ను 13 డాలర్ల చిల్లరకు దించారు. అప్పుడు స్టేడియం చాలావరకు నిండింది. అదే టోర్నీలో కొరియా క్లబ్బుకూ దక్షిణాఫ్రికా క్లబ్బుకూ ఓర్లాండోలో మ్యాచ్ జరిగితే వచ్చినవాళ్లు 3,412 మంది. మన పల్లెల్లో అమ్మవారి జాతరకు అంతకన్నా ఎక్కువమంది వస్తారు. ఫైనల్‌కు మాత్రం 81 వేల మంది. అన్నిటి మీదా ఉన్నది ఒకే 'ప్రపంచకప్' ముద్ర. ముద్ర జనాన్ని తేలేదు.

ధర తగ్గిస్తే జనం వస్తారన్నది నిజమే. 2025లో మన దేశంలో జరిగిన మహిళల క్రికెట్ ప్రపంచకప్‌కు టికెట్ వంద రూపాయల నుంచి మొదలుపెట్టారు. నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికా మీద ఫైనల్ గెలిచేనాటికి స్టేడియం నిండిపోయింది. కానీ పూర్తిగా ఉచితం చేస్తే మొత్తం నిండిపోతుందని అనుకుంటే అది పొరపాటు. ఉచితంగా ఇచ్చినదానికి ఖర్చు లేదని ఎవరన్నారు? పీలమేడు నుంచి మదురై దాకా రెండువందల కిలోమీటర్లు. బస్సు చార్జీ, భోజనం, ఒక రోజు కూలి. రాత్రి మ్యాచ్ ముగిశాక తిరుగు బస్సు ఉందో లేదో. ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వస్తే అక్కడ వసతులున్నాయో లేవో. ఫోన్‌లో టికెట్ తీసుకోవడం చేతకాని పెద్దవాళ్లకు ఉచిత టికెట్ కూడా దొరకని టికెట్టే. టికెట్ ధర కన్నా ఇంటి గడప నుంచి గ్యాలరీ దాకా అయ్యే ఖర్చే సామాన్యుడు లెక్కవేసేది.

ఓడినా వచ్చిన జనం

'మనోళ్లు గెలిస్తేనే జనం వస్తారు' అనేవాళ్లున్నారు. దానికి కోల్‌కతా జవాబు చెప్పింది. 2017లో పదిహేడేళ్లలోపు పిల్లల ఫుట్‌బాల్ ప్రపంచకప్ మన దేశంలో ఆరు నగరాల్లో జరిగింది. మన జట్టు ఢిల్లీలో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడి ఇంటికెళ్లింది. అయినా టోర్నీ మొత్తానికి 13,47,133 మంది ప్రేక్షకులు వచ్చారు. ఆ వయసు ప్రపంచకప్‌లలో అది రికార్డు. ఇంగ్లండు, బ్రెజిల్ సెమీఫైనల్ గువాహటిలో జరగాల్సింది. వానకు మైదానం పాడైతే రెండు రోజుల ముందు కోల్‌కతాకు మార్చారు. రెండు రోజుల్లో 63 వేల మందికి పైగా తయారు! ఇంగ్లండు, స్పెయిన్ ఆడిన ఫైనల్‌కు 66,684 మంది.

వాళ్లలో మనోళ్లు ఎవరు? ఎవరూ లేరు. కానీ ఆట వాళ్లది. తాతల నాటి నుంచి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్ల మీద ఇళ్లలో పోట్లాడుకున్న ఊరది. పాస్ ఎక్కడ తప్పిందో, గోల్ కీపరు ఎందుకు ముందుకు రాలేదో గ్యాలరీలో కూర్చున్న ముసలాయన చెప్పగలడు. ఆట తెలిసినవాడికి పరాయి జట్టు ఉండదు. 1999 జనవరిలో చెపాక్‌లో పాకిస్థాన్ మన మీద 12 పరుగుల తేడాతో టెస్టు గెలిస్తే, చెన్నై జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎవరు నేర్పారు? ఏళ్ల తరబడి ఆ చెక్కల మీద కూర్చుని చూసిన అలవాటు నేర్పింది.

హాకీలో కూడా ఇదే జరిగింది. 2023 జనవరిలో పురుషుల హాకీ ప్రపంచకప్ భువనేశ్వర్‌తో పాటు రూర్కెలాలో జరిగింది. ఇరవై వేల మంది పట్టే స్టేడియం కట్టి, కూర్చుని చూసే హాకీ స్టేడియాల్లో ప్రపంచంలో పెద్దదని గిన్నిస్ రికార్డు కూడా తెచ్చుకున్నారు. మన జట్టు లేని మ్యాచ్‌లకు కూడా అక్కడ జనం వచ్చారు. ఎందుకు? రూర్కెలా ఉన్న సుందర్‌గఢ్ జిల్లాలో ఆదివాసీ పల్లెలు తరతరాలుగా హాకీ ఆడుతున్నాయి. అక్కడ పల్లె టోర్నీల్లో గెలిచిన జట్టుకు ఇచ్చే బహుమతి మేకపోతు. వెదురు కర్రతో మొదలుపెట్టిన పిల్లలు దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్ అయ్యారు. ఆ మేకపోతు పోటీల పునాది లేకపోతే ఇరవై వేల కుర్చీలు ఎలా నిండుతాయి? స్టేడియం తరువాత కట్టారు. జనాన్ని ముందే తయారు చేసుకున్నారు.

పునాది లేని పందెం

వేరు లేని చెట్టు ఎలా ఉంటుందో కూడా చూశాం. 2011లో గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ కారు పందేలు మొదలైనప్పుడు తొలి ఏడాది 95 వేల మంది వచ్చారని నిర్వాహకులు చెప్పారు. రెండో ఏడాదికి ఆ లెక్క 65 వేలకు పడిపోయింది. మూడో ఏడాదితో, అంటే 2013తో, పందేలే ఆగిపోయాయి. పన్నుల తగాదా ఒక కారణం. కానీ జనం మొదటి ఏడాది వచ్చినట్టు మూడో ఏడాదీ వచ్చి ఉంటే అంత తేలిగ్గా ఆపగలిగేవారా? హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. మరుసటి ఏడాది పోటీ రద్దయింది. ఒక్కసారి వచ్చి పోయిన పెళ్లివారి బస్సులాగా అయింది.

ఇదే కారు పందెం మన కోయంబత్తూరులో ఎలా బతికిందో చూడండి. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్.కరివర్ధన్ మారుతి ఇంజనుతో మనవాళ్లకు అందుబాటులో ఉండే పందెం కారు చేశారు. దానికి ఫార్ములా మారుతి అని పేరు. 1995లో ఆయన విమాన ప్రమాదంలో పోయారు. 2003లో చెట్టిపాళయంలో మొదలైన పందెం ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. ఫార్ములా మారుతిలో తొలి అడుగులు వేసిన కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో ఆడిన తొలి భారతీయుడయ్యాడు. చెట్టిపాళయానికి లక్షమంది రారు. కానీ వచ్చేవాళ్లకు ఇంజను శబ్దం వింటేనే ఏ బండో తెలుస్తుంది. మెకానిక్ షెడ్డు నుంచి, ఫౌండ్రీ నుంచి వచ్చిన జనం వాళ్లు. నోయిడాలో అంత పెద్ద ట్రాకుకు దొరకనిది ఇదే.

మన ఊళ్లు ఎప్పుడో చేసి చూపించాయి

ఈ పాఠం మనకు కొత్తది కాదు. నాయకరాజుల కాలంలో వచ్చి కరిసల్ నేలల్లో పాదుకున్న మన తెలుగు కుటుంబాలు బావులు తవ్వాయి, మిల్లులు కట్టాయి, బడులు పెట్టాయి. బడితో పాటు మైదానం కూడా ఉండాలన్న తెలివి ఆ పెద్దలకు ఉంది. పీలమేడులో పీఎస్‌జీ ట్రోఫీ అఖిల భారత బాస్కెట్‌బాల్ పోటీలు యాభై ఏళ్లకు పైగా జరుగుతున్నాయి. ఎస్.ఎన్.రంగస్వామి నాయుడు పేరు మీద ఉన్న ట్రస్టు వారి కాలేజీ మైదానంలో తమిళనాడు ప్రీమియర్ లీగ్ క్రికెట్ ఆడుతున్నారు.

ఇక తేని జిల్లా పెరియకుళం సంగతి. చిన్న ఊరు. అక్కడ కూడా దశాబ్దాలుగా ప్రతి ఏటా అఖిల భారత బాస్కెట్‌బాల్ టోర్నీ జరుగుతోంది. దీపాల వెలుగులో, ఆరుబయట. నౌకాదళం జట్టు, బ్యాంకుల జట్లు, రైల్వే జట్లు వచ్చి ఆడతాయి. ప్రపంచకప్ కాదు, టీవీ హంగామా లేదు. కానీ ఆ ఊరివాళ్లకు అదొక తిరునాళ్లు. మదురైకి దక్షిణంగా వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న కోవిల్‌పట్టి మరో ఉదాహరణ. మన తెలుగువారు బాగా ఉన్న ఆ పట్టణానికి హాకీ ఊరనే పేరు. లక్ష్మీ అమ్మాళ్ పేరు మీద అక్కడ అఖిల భారత హాకీ టోర్నీ పెడతారు. ఆ ఊరి కుర్రాడు మారీశ్వరన్ శక్తివేల్ 2022 ఆసియాకప్‌లో భారత జట్టుకు ఆడి కాంస్యం తెచ్చాడు. కోవిల్‌పట్టివాడికి జర్మనీ, ఐర్లాండు మ్యాచ్ చూపించండి. 'మనోళ్లు ఎవురు' అని అడగడు. పెనాల్టీ కార్నర్ ఎలా కొట్టారో చెబుతాడు.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం మన కళ్ల ముందే ఉంది. సంక్రాంతి వస్తే అవనియాపురం, పాలమేడు, అలంగానల్లూరు ఎలా ఉంటాయి? జల్లికట్టుకు ఎవరూ ప్రపంచకప్ అని పేరు పెట్టలేదు. అయినా తెల్లవారకముందే జనం. 2024 జనవరిలో అలంగానల్లూరు దగ్గర కీళకరైలో ప్రభుత్వం పెద్ద జల్లికట్టు స్టేడియం ప్రారంభించింది. బాగుంది, కూర్చోవడానికి మెట్లున్నాయి. అయినా పండగ జల్లికట్టు పాత వాడివాసల్ దగ్గరే జరుగుతోంది. ఎందుకంటే ఆ ఎద్దు పక్కింటిది. పట్టబోయే కుర్రాడు మేనల్లుడు. తేదీ తాతల నాటిది. జనాన్ని తెచ్చేవి ఈ మూడే. మనవాడు, మన ఆట, మారని తేదీ.

టీవీ సంగతేమిటి?

'క్రికెట్, టీవీ కలిసి మిగతా ఆటలను మింగేశాయి, ఇంక ఏం చేసినా లాభం లేదు' అనే వాదన ఒకటుంది. అందులో సగం నిజముంది. క్రికెట్‌కు ఉన్న డబ్బు, ప్రచారం హాకీకి లేవు. కానీ 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు ఏం జరిగింది? మట్టిలో ఆడే ఆటను ఎవరు చూస్తారని నవ్వినవాళ్లే టీవీ ముందు కూర్చున్నారు. తెలుగు టైటాన్స్, తరువాత తమిళ్ తలైవాస్ అంటూ పిల్లలు పేర్లు చెప్పుకున్నారు. టీవీ ఆ ఆటను పుట్టించలేదు. ప్రతి మగపిల్లవాడూ బడి వెనక కూత పెట్టి మోకాళ్లు గీసుకున్న ఆట కాబట్టి టీవీలో చూపించగానే అందరికీ తెలిసిపోయింది. వేరు ఉంటే టీవీ నీళ్లు పోస్తుంది. వేరు లేకపోతే ఆ నీళ్లు ఇంకిపోతాయి.

ఇప్పుడు చేయవలసింది

మన ప్రభుత్వాలు అటునుంచి నరుక్కొస్తున్నాయి. ముందు అంతర్జాతీయ టోర్నీ, తరువాత స్టేడియం, ఆ తరువాత జనం, అందరికన్నా చివర పిల్లలు. ఈ వరస తిరగబడాలి. ముందు పిల్లలు ఆడాలి. వాళ్ల వెంట అమ్మానాన్నలు వస్తారు. అప్పుడు ఏ దేశం వచ్చి ఆడినా కుర్చీలు నిండుతాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆటకు కూడా అదే వర్తిస్తుంది.

రేస్‌కోర్సు హాకీ మైదానం కృత్రిమ పచ్చిక పరిచినది. దానికి నీళ్లు కావాలి, శుభ్రం చేయాలి, చూసుకునే మనుషులు కావాలి. వాడకపోతే మామూలు నేలలా పడి ఉండదు, పాడవుతుంది. గేటుకు తాళం వేసి మరో ప్రపంచకప్ కోసం ఎదురు చూస్తే నోయిడా కథే మదురైలో జరుగుతుంది. అందుకని నాలుగు పనులు అడుగుదాం. వారంలో కొన్ని సాయంత్రాలు కార్పొరేషన్ బడుల పిల్లలకు, ఆడపిల్లలకు విడిగా సమయంతో, ఆ మైదానం ఇవ్వాలి. కోవిల్‌పట్టి, తిరునెల్వేలి, దిండుక్కల్ జట్లను పిలిచి ఏటా ఒకే తేదీకి ఒక టోర్నీ పెట్టాలి. ఎన్నికలొచ్చినా, అధికారి మారినా ఆ తేదీ మారకూడదు. పెద్ద మ్యాచ్‌లు సాయంత్రం పెట్టి, ముగిశాక పల్లెల వైపు బస్సులు నడపాలి. ఫోన్ టికెట్‌తో పాటు గేటు దగ్గర చేతికిచ్చే కాగితం టికెట్ కూడా ఉండాలి.

మిగతాది మన వంతు. మన ట్రస్టులకు, మిల్లు కుటుంబాలకు, తెలుగు సంఘాలకు డబ్బు లేదని ఎవరూ అనరు. ఉగాదికి పద్యాల పోటీ, ముగ్గుల పోటీ పెడతాం. మంచిదే. వాటితో పాటు పిల్లల హాకీ పోటీ ఒకటి పెడితే ఏం పోయింది? పది బడులకు కర్రలు, బంతులు, గోల్ కీపరు కాళ్ల కవచాలు కొనిస్తే ఒక పెళ్లి పందిరి ఖర్చు కూడా కాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే మన పిల్లలు మైదానంలో అందరితో కలిసి ఆడతారు. గ్యాలరీలో తాత 'కొట్టరా అబ్బీ' అని తెలుగులో అరిస్తే పక్కన కూర్చున్న తమిళ తాత తమిళంలో అరుస్తాడు. రెండు గొంతులూ ఒకే కుర్రాడి కోసం.

సుందర్‌గఢ్ పల్లెలు మేకపోతుతో మొదలుపెట్టాయి. పెరియకుళం నాలుగు దీపపు స్తంభాల కింద నడుపుతోంది. మదురైకి ప్రపంచస్థాయి మైదానమే దొరికింది. ఇక కావలసింది దానికి ఒక తేదీ, ఆడే పిల్లలు, వాళ్లను చూడడానికి వచ్చే మనం. ఈ సెలవుల్లో మీ వీధి పిల్లలు ఆ గేటు దగ్గరికెళ్లి లోపల ఆడుకోనిస్తారా అని అడగాలి. లేదన్న జవాబు వస్తే, ఎందుకు లేదని జిల్లా క్రీడాధికారిని అడగవలసింది పెద్దవాళ్లం మనమే.